గురువారం కోతి, ఆదివారం మట్టి

వారమంతా నేను ఖరగ్‌పూర్‌లో, న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీ దగ్గర ఒక బడిలో జీవశాస్త్రం చెప్పేదాన్ని. ఆదివారం పొద్దున మా తెలుగు చర్చిలో సండే స్కూల్ చెప్పేదాన్ని. బడిలో మనిషి లక్షల ఏళ్ళు తీసుకుని, తొందరేమీ లేకుండా, నడుం పట్టుకుని మెల్లగా నిటారుగా లేచేవాడు. చర్చిలో అదే మనిషి ఒక్క పూటలో తయారైపోయి, సాయంత్రానికల్లా జంతువులకు పేర్లు పెట్టే ఉద్యోగంలో చేరిపోయేవాడు. ఈ ఇద్దరు మనుషులతోనూ నాకు ఇబ్బంది ఉండేది కాదు. ఖరగ్‌పూర్‌లో పుట్టినవాళ్ళం ఇంట్లో తెలుగు, కూరల దగ్గర బెంగాలీ, ఆఫీసులో హిందీ మాట్లాడతాం. ఎక్కడ ఏది మాట్లాడాలో మాకు పాలపళ్ళు ఊడకముందే తెలిసిపోతుంది. దేవుడి దగ్గర ఒక మాట, నల్లబల్ల దగ్గర ఒక మాట కూడా అలాంటిదే అనుకున్నాను. దాన్ని నా విశాల హృదయమని కూడా అనుకున్నాను. నిజానికి అప్పటిదాకా నన్నెవరూ ఏమీ అడగలేదు, అంతే.

అడిగిన పిల్ల పదో తరగతి చదివేది. బడిలో నా ఎదురుగా మొదటి బెంచీ, చర్చిలో నా ఎదురుగా మొదటి వరుస. ఒక ఆదివారం నేను ఏదెను తోటలో నేలమట్టితో మనిషిని చేయడం గురించి భక్తిగా చెబుతుంటే చెయ్యెత్తింది.

"టీచర్, గురువారం కోతి అన్నారు. ఇయ్యాల మట్టి అంతన్నారు. పరీక్షలో ఏది రాయాలి?"

నేను సమాధానానికి ఎప్పుడూ తడుముకోను. అదే నా దురదృష్టం. "ఏ పరీక్షలో అడిగితే ఆ జవాబు రాయి," అన్నాను. పిల్లలందరూ నవ్వారు. పాఠం చాలా బాగా జరిగిందనుకుని ఇంటికి వెళ్ళి భోజనం చేసి పడుకున్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. ఇంటికి వెళ్ళి తండ్రిని అడిగింది. ఆ తండ్రి రైల్వే వర్క్‌షాపులో ఫోర్‌మన్, మా సంఘం కమిటీకి సెక్రటరీ. బోగీ కింద దూరి పగులు ఎక్కడుందో వెతికే చూపుతోనే ఆయన మనుషుల విశ్వాసాన్నీ చూస్తాడు. తరువాతి ఆదివారం ఆరాధన అవగానే పక్కగదిలోకి నాకు పిలుపొచ్చింది.

పక్కగదిలో టీ, మేరీ బిస్కట్లు, నలుగురు మగవాళ్ళు ఉన్నారు. ఒకరు సెక్రటరీ. ఒకరు పాస్టర్ అయ్యగారు. గోదావరి జిల్లా నుంచి కొత్తగా వచ్చారు. ఎవరి మనసూ నొప్పించకూడదన్నది తప్ప వేరే సిద్ధాంతం లేని మంచి మనిషి. మూడో ఆయన హిజ్లీ ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్‌లో భౌతికశాస్త్రం ప్రొఫెసరు, గుంటూరు వైపు మనిషి. క్యాంపస్ అన్న మాట వింటే మా సంఘం మొత్తం కాస్త నిటారుగా కూర్చుంటుంది. అందుకని అన్ని కమిటీల్లోనూ ఆయనకు కుర్చీ ఉండేది. నాలుగో మనిషి మా నాన్న. రైల్వేలో రిటైరై, సంఘ పెద్దగా ఉన్నాడు. నేను లోపలికి రాగానే ఆయన గోడమీది క్యాలెండరు వైపు తిరిగి దాన్ని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు.

"టీచరమ్మా," అన్నాడు సెక్రటరీ, "మా గుంట ఇంటికొచ్చి ఏటడిగినాదో తెల్సా? నాన్నా, మన తాతకి తాత కోతేటి అనడిగినాది. మా తాత పలాసలో గేంగ్‌మన్‌గా సేసినాడు. పటం కూడా ఉంది ఇంట్లో."

"కోతి నుంచి వచ్చామని నేననలేదండి. కోతులకీ మనకీ బాగా పూర్వం ఒకే పూర్వీకులు ఉన్నారన్నాను."

ఆయన ఆలోచించాడు. "అంటే కోతి మాకు పెదనాన్న కొడుకన్నమాట. అది మరీ అన్నేయం కదా!"

అప్పుడు ప్రొఫెసరుగారు చిరునవ్వు నవ్వారు. ఈ ఘట్టం కోసం ఆయన చాలా ఏళ్ళుగా ఎదురుచూస్తున్నట్టుంది. "కంగారు పడక్కర్లేదండి. రెండూ నిజమే. దినం అంటే మన దినం కాదు, ఒక యుగం. వెలుగు కలగడమంటే ఆ మహా విస్ఫోటనం. మోషే గారు దాన్నే సామాన్యులకి అర్థమయ్యేలా క్లుప్తంగా చెప్పారు. చూడండి," అంటూ మేరీ బిస్కట్లను బల్లమీద వరసగా పేర్చడం మొదలుపెట్టారు. మొదటి బిస్కట్టు వెలుగు. రెండోది ఆకాశం. మూడోది నేలా చెట్లూ. నాలుగోది సూర్యుడూ చంద్రుడూ. ఐదోది చేపలూ పక్షులూ. ఆరోది జంతువులూ మనమూ. విశ్వం పుట్టుక అంత పొందిగ్గా బల్లమీద ఇమడటం నేను మళ్ళీ చూడలేదు.

"నాలుగో దినం దాకా సూర్యుడే లేడు కదండీ," అన్నాను ఉండబట్టలేక. "మూడో దినం చెట్లు, మీ లెక్కన, యుగమంతా చీకట్లో ఎలా బతికాయి?"

"సూర్యుడున్నాడు. మంచు కమ్మి ఉండటం వల్ల కనపడలేదు. నాలుగో యుగంలో మబ్బు విడిపోయింది," అన్నారు ప్రొఫెసరుగారు, ఆ మబ్బు విడిపోయేటప్పుడు తాము అక్కడే గొడుగు పట్టుకుని నిలబడినట్టు.

సెక్రటరీ బిస్కట్ల వంక అనుమానంగా చూశాడు. "సార్, ఒక్క మాట. ఏడో దినం దేవుడు విశ్రాంతి తీసుకున్నాడు. అది కూడా కోట్ల ఏళ్ళేనా? మా షాపుకి అంత సెలవిప్పించండి, మీ యుగాలన్నిటికీ నేనిప్పుడే ఒప్పీసుకుంటాను."

ఈ గందరగోళంలో అయ్యగారు పరధ్యానంగా చెయ్యి చాపి, నాలుగో దినాన్ని తీసుకుని టీలో ముంచారు. సూర్యచంద్రులు లేకపోయినా చర్చ ఆగలేదు.

చివరికి నన్నడిగారు. ఇంట్లో అద్దం ముందు చెప్పుకుని వచ్చిన జవాబు చెప్పాను. లోకాన్ని ఎవరు చేశారో, ఎందుకు చేశారో చర్చిలో చెబుతున్నాను. ఎలా జరిగిందో బడిలో చెబుతున్నాను. రెండు ప్రశ్నలు వేరు కాబట్టి రెండు జవాబులకీ గొడవ లేదు. చాలా చక్కని జవాబు. చదువుకున్నవాళ్ళందరూ దానిమీదే నిశ్చింతగా బతికేస్తున్నారు.

"బాగుంది," అన్నాడు సెక్రటరీ. "మరి ఈ ముక్క మా గుంటకెందుకు సెప్పలేదు? ఏ పరీక్షలో అడిగితే ఆ జవాబని ఎందుకన్నారు?"

నేను టీ కప్పు అందుకున్నాను. ఆ గదిలో విశ్వం గురించి తెలివైన మాట అనకుండా, పిల్ల గురించి మాట్లాడినవాడు ఆయనొక్కడే. నాకది అప్పుడే తోచి, మరింత ఒళ్ళు మండింది.

నాన్నను అడిగారు. "నా కూతురు కాబట్టి నేను మాటాడను," అని మళ్ళీ క్యాలెండరు చదువుకున్నాడు. కమిటీ తీర్మానించింది. విషయం తేలేదాకా నేను సండే స్కూల్ చెప్పకూడదు. విశ్వం ఎలా మొదలైందో మా సంఘం కమిటీ తేల్చేదాకా అన్నమాట. నేను నిబ్బరంగా ఉన్నాను, తొందర్లోనే తేలిపోతుందని.

ప్రొఫెసరుగారు నా మీద జాలిపడి ఒక ప్రతిపాదన చేశారు. క్యాంపస్‌లో రాళ్ళ మ్యూజియం ఒకటి ఉంది, పిల్లల్ని తీసుకొస్తే తామే దగ్గరుండి చూపిస్తామన్నారు. క్యాంపస్ అనేసరికి కమిటీ నిటారుగా కూర్చుంది. సరే, కాని ఒక సంఘ పెద్ద వెంట వెళ్ళి, ప్రతి రాయికీ వాక్యానుసారమైన వివరణ అక్కడికక్కడే ఇవ్వాలి. ఆ పనికి మా నాన్నను వేశారు. కన్నకూతురి నుంచి పిల్లల ఆత్మల్ని కాపాడే బాధ్యతను నాన్న కాదనకుండా ఒప్పుకున్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు నాన్న నాలుగడుగులు ముందు నడిచాడు. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఇంట్లో ఉండేది మేమిద్దరమే. మాట్లాడుకోకపోతే ఇల్లు మొత్తం మూగదైపోతుంది. నేను వంకాయలు తరుగుతుంటే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఓలమ్మా, కమిటీకి సెప్పింది కాదు. నాకు సెప్పు. నువ్వు నమ్మీదేటి?"

"రెండూ నాన్నా."

"రెండెలా నమ్ముతావే?"

"రెండు టికెట్లున్నాయని ఎవరినైనా రైలు దింపేస్తారేటి?"

"దింపరు. కాని సీటొక్కటే కదా. ఏ టికెట్టు మీద కూకున్నావని అడుగుతన్నాను."

వంకాయ ముక్కలు నల్లబడుతున్నాయని చెప్పి నీళ్ళలో వేశాను. ఆయన కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

శనివారం పిల్లల్ని టోటోలనే బ్యాటరీ రిక్షాల్లో కుక్కుకుని హిజ్లీ వెళ్ళాం. క్యాంపస్ గేటు దాటగానే పిల్లలు సైకిళ్ళను, చెట్లను, ముఖ్యంగా సమోసాను సింగాడా అని అమ్మే క్యాంటీన్‌ను చూసి సృష్టి చాలా బాగుందని ఒప్పుకున్నారు. మ్యూజియం లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ప్రొఫెసరుగారు ముందు, నాన్న వెనక. నాన్న చంకలో పెద్దక్షరాల బైబిలు. ప్రొఫెసరుగారు ఒక్కో గాజు పెట్టె దగ్గర నిలబడి ఇది ఇన్ని కోట్ల ఏళ్ళ నాటిదని చెప్పేవారు. ఆయన ముందుకు కదలగానే నాన్న అదే పెట్టె దగ్గర నిలబడి, "ఇది కూడా దేవుడు సేసిందే," అని ముద్ర వేసేవాడు. పనిలో ఎక్కడా ఆలస్యం లేదు. ఒక పెద్ద రాక్షసబల్లి ఎముక దగ్గర మాత్రం ఒక పిల్లాడు ఇది నోవహు ఓడలో ఎలా పట్టిందని అడిగాడు.

నాన్న ఒక్క క్షణం ఆలోచించి, "గుడ్డు పట్టుకెళ్ళుంటాడు," అన్నాడు.

ప్రొఫెసరుగారు కూడా మెచ్చుకోలుగా తలూపారు. యుగాల సిద్ధాంతంలో ఇంత పనికొచ్చే ముక్క ఆయనకే తట్టలేదు.

తరువాతి పెట్టె దగ్గర నాన్న ముద్ర పడలేదు. ప్రొఫెసరుగారూ పిల్లలూ ముందుకు వెళ్ళిపోయారు. నేను వెనక్కి తిరిగి చూస్తే నాన్న గాజు మీదకు వంగి ఉన్నాడు. లోపల ఒక నల్లటి పలకరాయి. దాని మీద నాలుక ఆకారంలో ఆకు అచ్చు. నడిమి ఈనె, దానికి రెండు పక్కలా వలలా అల్లుకున్న సన్న ఈనెలు, నిన్న కోసి అద్దినట్టు. ఝరియా బొగ్గు గనులలో దొరికిందని కింద చీటీ మీద రాసి ఉంది.

"ఇది నాకు తెల్సు," అన్నాడు నాన్న.

"ఎక్కడ చూసినావు?"

"ఇంజను మీద."

నాన్న రైల్వేలో చేరింది ఆవిరి ఇంజన్ల కాలంలో. డ్రైవర్ అవకముందు చాలా ఏళ్ళు ఫైర్‌మన్‌గా బొగ్గు పార పట్టాడు. ఆ బొగ్గుతో కలిసి ఇలాంటి పలకరాళ్ళు వచ్చేవట. కాలవు, మంటను పాడుచేస్తాయి. అందుకని కనపడ్డవి కనపడ్డట్టు ఏరి లైను పక్కకు విసిరేసేవారు. కొన్నింటి మీద ఇలాగే ఆకులుండేవట.

"గనిలో ఎవుడో పనిలేనోడు గీసినాడనుకునీవోణ్ణి," అన్నాడు. "ఎంత సక్కగా గీసినాడురా అనీసి, ఒకటి మీయమ్మకి తెచ్చి ఇచ్చినాను కూడాను. మసి అంటుతాదని గుమ్మం బయట పెట్టింది." గాజు మీద వేలు పెట్టి ఆకు అంచు వెంట గీశాడు. "ఇది నిజం ఆకేనా?"

"నిజం ఆకే."

"అయితే ఆ బొగ్గు?"

"అదీ ఆకులూ చెట్లే నాన్నా. అడవులకి అడవులు బురదలో కూరుకుపోయి, పైన ఇంకో పొర, దాని మీద ఇంకో పొర పడి, అణిగి అణిగి బొగ్గయింది."

ఆయన బైబిలును ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. పార పట్టిన రోజులన్నీ ఆయన కళ్ళ ముందు నడుస్తున్నాయని నాకు అర్థమైంది. ఒక్కో డ్యూటీకి ఎంత బొగ్గు, ఒక్కో ఇంజనుకు ఎంత, దేశంలో ఎన్ని ఇంజన్లు. చాలాసేపటికి, "అంత బొగ్గు అవ్వాలంతే ఎంత అడవి కావాలి?" అన్నాడు. ఇంకాసేపటికి, "అది మూడో దినం సాయంత్రానికి అయిపోయే పని కాదు కదే," అన్నాడు.

ఇన్నాళ్ళూ నేను ఎదురుచూడాల్సిన మాట అదే. నేను గెలిచాను. గెలిచినందుకు నాకు కలిగింది భయం. అమ్మ చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం పక్కన ఈ మనిషి కూర్చుని, రాత్రంతా కీర్తనలు ఆపకుండా పాడాడు. ఆయనకు అప్పుడు ఆధారమైనదాన్ని ఒక రాయి ముక్క లాగేస్తే నేనేం చేయాలి? దానికి బదులుగా ఇవ్వడానికి నా దగ్గర ఏముంది, పదో తరగతి పాఠ్యపుస్తకమా?

"నాన్నా, దినం అంటే మన దినమే కానక్కర్లేదు," అన్నాను గబగబా. "దేవుడికి సాయంత్రం ఎంత పొడుగో మనకేం తెలుసు? ఒక్కో దినం ఒక్కో యుగం అనుకుంటే..."

అని ఆగిపోయాను. నా నోట్లోంచి ప్రొఫెసరుగారు మాట్లాడుతున్నారు. చేతిలో మేరీ బిస్కట్లు లేవు, అంతే తేడా.

నాన్న నా వైపు తిరిగాడు. కోపం లేదు కాని, బడిపిల్లను చూసినట్టు చూశాడు. "నన్ను బుజ్జగించకు," అన్నాడు. "నాకేటీ అవ్వలేదు. దేవుడు సేసినాడా అని నాకు అనుమానం రాలేదు. అంత తొందరగా సేసీసినాడని నాకెవులు సెప్పినారా అని ఆలోసిస్తన్నాను."

ఆ తరువాత ఆయన ఏ పెట్టెకూ ముద్ర వేయలేదు. పిల్లల వెనక నడుస్తూ, ప్రొఫెసరుగారు చెప్పేది శ్రద్ధగా వింటూ, మధ్యలో ఒకసారి బైబిలు నాకిచ్చి పట్టుకోమన్నాడు, చెయ్యి లాగుతోందని.

మర్నాడు ఆరాధన తరువాత నాన్న సంఘానికి నివేదిక చెప్పాలి. సెక్రటరీ ముందు వరుసలో ముందుకు వంగి కూర్చున్నాడు. ప్రొఫెసరుగారు తమ సిద్ధాంతానికి పనికొచ్చే పదం ఎక్కడైనా దొర్లుతుందేమోనని చెవులు రిక్కించారు. నాన్న లేచి నిలబడ్డాడు.

"లోపల సల్లగా ఉంది. పిల్లలు అల్లరి సెయ్యలేదు. క్యాంటీన్‌లో సింగాడాలు బాగున్నాయి." ముందున్న బెంచీ వీపు పట్టుకున్నాడు. "దేవుడు మనం అనుకున్నదానికంటే సాలా ఎక్కువ పని సేసినాడు. ఎంత సేపు సేసినాడో నేనడగలేదు. నేను రైల్వేలో పన్జేసినాను, పని సేసినోణ్ణి ఎంతసేపు సేసినావని అడిగీవోళ్ళు ఆపీసర్లు. నేనాపీసర్ని కాను." కూర్చున్నాడు.

అయ్యగారు ఆమెన్ అన్నారు. ఎవరి మనసూ నొప్పించని మాట ఏది విన్నా ఆయన ఆమెన్ అంటారు. సెక్రటరీకి అది తనవైపు మాటో ఎదుటివైపు మాటో తేలలేదు. ప్రొఫెసరుగారికి యుగం అన్న పదం వినపడక కోపం వచ్చింది. క్రిస్మస్ దాకా ఆయన చర్చికి రాలేదు.

కమిటీ మళ్ళీ కూర్చుని, నాకు సండే స్కూల్ తిరిగి ఇచ్చింది. ఒక్కటే షరతు. ఆదికాండం మొదటి పదకొండు అధ్యాయాలు సెక్రటరీ చెబుతాడు. పన్నెండో అధ్యాయం నుంచి, అంటే అబ్రాహాము ప్రయాణం మొదలైన దగ్గర్నుంచి నేను చెబుతాను. అక్కడినుంచి విజ్ఞానశాస్త్రంతో తగాదా లేదని కమిటీ భావన. శారా ముసలితనంలో బిడ్డను కనడం జీవశాస్త్రం కిందకే వస్తుందని నేను గుర్తు చేయలేదు. ఉద్యోగం మళ్ళీ పోతుందని.

తిరిగి చేరిన మొదటి ఆదివారమే ఆ పిల్లను పక్కకు పిలిచి మాట్లాడాను. ఏ పరీక్షలో అడిగితే ఆ జవాబు అనడం సరైన సమాధానం కాదనీ, నిజంగా నాకు ఈ రెండూ ఎలా కలుస్తాయో పూర్తిగా తెలియదనీ చెప్పాను. ఆ పిల్ల నిరాశపడుతుందనుకున్నాను. "నాకూ అదే అనిపించినాది టీచర్," అంది, తేలికపడ్డట్టు. "మీకు తెల్సుననుకుని నాకొక్కదానికే తెలవట్లేదని బాధపడినాను."

ఆ తరువాత కొన్నాళ్ళకు, మా సంఘంలో తేలని విషయం పైన ఎక్కడో తేలిపోయింది. పిల్లల మీద చదువు భారం తగ్గించడానికి పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం పాఠాన్ని తీసేశారు. కోతి లేదు, పూర్వీకులు లేరు, తగాదా లేదు. ఇక గురువారం కూడా నిశ్చింత. సెక్రటరీ మా ఇంటికి వచ్చాడు. రసగుల్లాల కుండ తెస్తాడనుకున్నాను కాని, ఆయన ముఖం అలా లేదు.

"టీచరమ్మా, ఇదేటి ఇలాగ సేసినారు? మనం మనం కొట్టుకున్నాం, అది వేరు. పాఠమే లేకుండా సేసీడమేటి? నేను దేని మీద కొట్టుకోవాలి?"

ఆయన కూతురు అప్పటికి పదకొండులో సైన్సు తీసుకుంది. ఆయనే దగ్గరుండి, సాయంత్రాలు ఆ పాఠం పాత పుస్తకంలోంచి మళ్ళీ మొదటినుంచి చెప్పమని ఆమెను మా ఇంటికి పంపడం మొదలుపెట్టాడు. "నమ్మమని సెప్పొద్దు. సెప్పండి అంతే," అన్నాడు.

మొదటి సాయంత్రం వరండాలో కూర్చున్నాం. నాన్న పక్కనే కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకున్నాడు. చేపలు మెల్లగా నీళ్ళు విడిచి నేల మీదకు రావడం దగ్గరికి వచ్చేసరికి పేపరు కిందకు దిగింది.

"ఆగాగు. నీళ్ళలో సుకంగా ఉన్న సేప ఒడ్డుకెందుకొచ్చినట్టు?"

"నీళ్ళు తక్కువైపోయిన చోట్ల ఉండేవనీ, ఒడ్డున తిండి దొరికేదనీ అంటారు నాన్నా."

"ఎవులంతారు? ఏటి తిన్నాది ఒడ్డున?"

ఆ పిల్ల కూడా కలం ఆపి నా వైపు చూసింది. నాకు తెలిసినంతవరకు చెప్పాను. తెలియని దగ్గర తెలియదన్నాను. చీకటి పడి దోమలు మొదలయ్యేదాకా నాన్న ఆ చేపను ఒడ్డెక్కనివ్వలేదు.